సగటు దారితప్పే చోట

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎముక మూలుగలో పుట్టి బయటికొచ్చింది మొదలు ప్లీహంలో అంతరించేదాకా అది చక్కెర కలిసిన నెత్తురులోనే తిరుగుతుంది. ఆ చక్కెర కొద్దికొద్దిగా కణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. అంటుకున్నది ఇక ఊడదు. మొత్తం హిమోగ్లోబిన్‌లో చక్కెర పట్టినది ఎంత శాతమో కొలిస్తే, గడిచిన రెండు మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో తెలుస్తుంది. ల్యాబు కాగితం మీద హెచ్‌బీఏ1సీ అని కనిపించే అంకె ఇదే. జనం నోట అది ‘మూడు నెలల షుగరు పరీక్ష’. ఏడు శాతం వస్తే సగటు షుగరు డెసిలీటరుకు 154 మిల్లీగ్రాములు ఉన్నట్టు లెక్క.

ఈ పరీక్షకు దారి చూపినవాడు ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహబార్. 1960ల చివర టెహ్రాన్‌లో ఆయన వెతుకుతున్నది షుగరును కాదు. రక్తంలో అసాధారణ హిమోగ్లోబిన్ రకాలు ఎవరిలో ఉన్నాయో చూడటం ఆయన పని. అలా చూస్తూండగా మధుమేహం ఉన్నవాళ్ల నమూనాల్లో, మామూలు చోటు తప్పి ముందుకు జరిగిన ఒక పట్టీ కంటబడింది. పాతికేళ్లు తిరిగేసరికి, 1993లో, డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం ఈ అంకెను అదుపులో పెట్టుకున్నవాళ్ల కళ్లు, కిడ్నీలు, నరాలు పదిలంగా ఉంటాయని తేల్చింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 6.5 శాతం లేదా అంతకు మించి వస్తే మధుమేహమని నిర్ధారించవచ్చని ఒప్పుకుంది. ప్రపంచమంతా నమ్ముకున్న పరీక్ష ఇది, నమ్మదగిందే.

అయితే ఒక షరతు ఉంది. రక్తకణం తన 120 రోజులూ బతకాలి. దానిలోని హిమోగ్లోబిన్ మామూలు రకమై ఉండాలి. అసాధారణ హిమోగ్లోబిన్‌ను వెతుకుతుంటే దొరికిన పరీక్షే, అసాధారణ హిమోగ్లోబిన్ ఎదురైతే తడబడుతుంది. ఉత్తరాంధ్రలో ఈ షరతు తప్పడానికి ఒకటి కాదు, మూడు కారణాలున్నాయి. ఇలాంటి చోట అక్కరకొచ్చేది చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సరు. దాని గురించి రాసేటప్పుడు హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగుల ఫోన్ల నుంచి మొదలుపెట్టడం రివాజైపోయింది. దాని అసలు అవసరం ఎక్కడుందో చూడాలంటే మాత్రం పలాస రైలెక్కాలి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. శ్రీకాకుళం జిల్లాలో ఈ మండలాల తీరప్రాంతమే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల నీడ. ఆ నీడలోనే రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీల జబ్బు ఊళ్లను తినేస్తోంది. అధ్యయనాల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరి కిడ్నీలు దెబ్బతిన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ పాత చరిత్రా లేదు. కారణం ఇంకా తేలని జబ్బు కనుకనే అంత భయం. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఇంటింటికీ తెచ్చే పథకం కూడా ఆ రోజే మొదలైంది.

ఉద్దానంలో షుగరు రోగులూ ఉన్నారు. ఇంతమందికి కిడ్నీ జబ్బున్న చోట రెండూ ఒకే ఒంట్లో కలవడం అరుదేమీ కాదు. కలిసినప్పుడే లెక్క తప్పుతుంది. కిడ్నీ పాడైన ఒంట్లో ఎర్రకణాలు నిండా ఆయుష్షు బతకవు. కణం త్వరగా పోతే దానికి చక్కెర పట్టే వ్యవధీ తగ్గుతుంది. రక్తం తగ్గిందని ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తే మూలుగలోంచి కొత్త కణాలు గుంపుగా వస్తాయి. వాటికి చక్కెర ఇంకా అంటి ఉండదు. రక్తం ఎక్కిస్తే దాత కణాలు వచ్చి కలుస్తాయి. ఇలా మూడు వైపుల నుంచీ హెచ్‌బీఏ1సీ అంకె కిందికే దిగుతుంది.

సోంపేటలోనో టెక్కలిలోనో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే అరవై ఏళ్ల రోగి ఒకరున్నారనుకుందాం. కాగితం మీద 6.4 వచ్చింది. షుగరు భేషుగ్గా ఉందా? లేక 200 చుట్టూ తిరుగుతున్నా కణాలు పట్టి చూపలేకపోతున్నాయా? పగలంతా 250 ఉండి, తెల్లవారుజామున 50కి పడిపోతోందా? మూడింటికీ అదే 6.4 రావచ్చు. మూడో సంగతే అన్నిటికంటే ప్రమాదం. ఇన్సులిన్‌ను విరిచి బయటికి పంపే అవయవాల్లో కిడ్నీ ముఖ్యమైనది. అది చేతులెత్తేస్తే, వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు పనిచేస్తుంది. గ్లైబెన్‌క్లమైడ్ లాంటి పాత మాత్రలూ పేరుకుంటాయి. ఆకలి లేదని రాత్రి నాలుగు ముద్దలతో లేచిన మనిషికి నిద్రలో షుగరు పడిపోతే పక్కన పడుకున్నవాళ్లకు కూడా తెలియదు.

తీరం నుంచి కొండవైపు వెళితే కథ మారుతుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు ఏజెన్సీ ఇదివరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. గిరిజన జనాభాలో, హిమోగ్లోబిన్‌ను మార్చేసే సికిల్ సెల్ జన్యువు ఉన్న ప్రాంతం ఇది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు వచ్చినవారిలో మామూలు హిమోగ్లోబిన్ ఏ ఉండదు కాబట్టి హెచ్‌బీఏ1సీ అన్న మాటకే అర్థం లేదు. ఒక్కరి నుంచే వచ్చినవారు ఆరోగ్యంగానే ఉంటారు, తమకు ఆ జన్యువు ఉందనే చాలామందికి తెలియదు. వాళ్లలో అంకె అసలుకంటే కాస్త తక్కువ చూపిస్తుందని 2017లో అమెరికాలో నల్లజాతివారి మీద జరిగిన అధ్యయనం చూపింది. పరీక్ష ఏ పద్ధతిలో చేశారన్నదాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ రక్తపరీక్షల కార్డు, షుగరు పరీక్షల కాగితం ఒకే డాక్టరు బల్ల మీద పక్కపక్కన పడాల్సినవి.

ఇక మూడోది రక్తహీనత. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఇనుము లోపిస్తే కొత్త కణాలు పుట్టడం మందగిస్తుంది, ఉన్న కణాలు ముసలివవుతాయి, వాటికి చక్కెర ఎక్కువ పట్టి ఉంటుంది. ఇక్కడ అంకె పైకి పోతుంది. షుగరు లేని మనిషికి ఉన్నట్టు, అదుపులో ఉన్నవారికి తప్పినట్టు కనిపించవచ్చు. కిడ్నీ జబ్బు కిందికి లాగితే ఇనుము లోపం పైకి నెడుతుంది. రెండూ ఒకే మనిషికి ఉంటే? ఏ అంకె వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

చేతికి అంటించే సెన్సరుకు ఎర్ర రక్తకణంతో పనే లేదు. దాని విలువంతా అక్కడుంది.

ఎక్కువగా వాడుకలో ఉన్న సెన్సరు 35 మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్లటి బిళ్ల. భుజానికి దిగువన చేతి వెనకవైపు స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ప్లాస్టిక్ డబ్బాలాంటి పరికరాన్ని ఆనించి నొక్కుతారు. చిటుక్కుమంటుంది. లోపలి సూది చర్మం కిందికి వెళ్లి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. అర సెంటీమీటరు పొడవున, అర మిల్లీమీటరు కన్నా సన్నగా, వంగే తీగ ఒకటి మాత్రం చర్మం కింద ఉండిపోతుంది. నొప్పి వేలికి సూది గుచ్చినప్పటి కంటే తక్కువేనని వేయించుకున్నవాళ్లు చాలామంది చెబుతారు. తీగ కొస రక్తనాళంలో ఉండదు, కణాల మధ్య ఊరే ద్రవంలో ఉంటుంది. కొస మీద పూత పూసిన ఎంజైము గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి దీన్ని తీస్తారు. గ్లూకోజ్ అణువు తగిలితే ఈ ఎంజైము దాని నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. వాటిని తీగ అందుకుంటుంది. గ్లూకోజ్ ఎంత ఉంటే అంత కరెంటు. ఆంపియరులో వందకోట్లో వంతుల్లో కొలిచే ఆ కరెంటును బిళ్లలోని చిప్పు అంకెగా మారుస్తుంది.

ఎంజైమును ఎలక్ట్రోడుకు జోడించే ఊహ 1962 నాటిది, అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్‌ది. ఎంజైముకూ లోహానికీ మధ్య ఎలక్ట్రాన్లను మోసే ఆస్మియం పాలిమర్‌ను టెక్సాస్ శాస్త్రవేత్త ఆడమ్ హెల్లర్ తయారుచేశాడు. 1999లో అమెరికా అనుమతించిన మొదటి పరికరం మూడు రోజులే పనిచేసేది. అందులో ఏముందో రోగికి కనిపించేది కాదు, తర్వాత డాక్టరు కంప్యూటరులో చూసేవాడు. వేలికి గుచ్చి సరిచూడాల్సిన అవసరం లేకుండా 14 రోజులు నడిచే ఫ్రీస్టైల్ లిబ్రే 2014లో యూరప్‌లో వచ్చింది. దాని డాక్టరు రకం లిబ్రే ప్రో 2015లో భారత్‌లోకి వచ్చింది. ఈ రకంలో 15 నిమిషాలకొక అంకె చొప్పున 14 రోజులకు 1,344 అంకెలు బిళ్లలోనే నిలవుంటాయి. రోగి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండక్కర్లేదు. ఏజెన్సీ గ్రామానికి ఇది చిన్న సౌకర్యం కాదు.

నెలకోసారి పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి రక్తం ఇచ్చి వచ్చే రోగికి రెండే అంకెలు. ఆ రెండు చుక్కల మధ్య ఏం జరిగిందో ఊహించుకోవాలి. 1,344 అంకెలనూ 24 గంటల గడియారం మీద ఒకదానిపై ఒకటి పరిస్తే మాత్రం మనిషి దినచర్యే బయటపడుతుంది. వంశధారకు ఏడాది సగటు నీటిమట్టం చెబితే ఆగస్టు వరద కనిపించదు, మే నెల ఇసుకమేటా కనిపించదు. సెన్సరు గీతలో రెండూ కనిపిస్తాయి. 2019లో అంతర్జాతీయ నిపుణులు ఈ గీతను చదివే పద్ధతి ఖరారు చేశారు. రోజులో 70 శాతానికి పైగా సమయం షుగరు 70–180 మధ్య ఉండాలి. 70 కంటే కింద నాలుగు శాతానికి మించకూడదు, అంటే రోజుకు గంటలోపే. ముసలివాళ్లకు, కిడ్నీ జబ్బులాంటివి ఉన్నవాళ్లకు కొలత వేరు. 70–180 మధ్య సగం రోజు ఉన్నా చాలు, కిందికి పడటం మాత్రం ఒక్క శాతం దాటరాదు. ఉద్దానం రోగికి వర్తించేది ఈ రెండోదే. షుగరు కొంచెం ఎక్కువున్నా ఫరవాలేదు, పడిపోకూడదు అనే వైద్యుల జాగ్రత్తను అంకెల్లో పెట్టిన నియమమిది.

గీత ముందు కూర్చుంటే మొదట కనిపించేది మధ్యాహ్న భోజనమే. భారతీయుల కేలరీల్లో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే బృందం 2025లో లెక్కగట్టింది. దేశంలో పది కోట్ల మందికి షుగరుందని అదే సర్వే 2023లో చెప్పింది. ఉత్తరాంధ్ర కంచంలో ఆ పిండిపదార్థం అంటే ముందు వరన్నం. తిన్న గంట, గంటన్నరకు గీత నిటారుగా లేస్తుంది. ఎంత లేస్తుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 55 మందికి సెన్సర్లు పెట్టి అన్నం, రొట్టె, బంగాళాదుంప, ద్రాక్ష వంటివాటిని సమాన పిండిపదార్థం ఉండేలా తూచి తినిపించారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒకే తిండికి ఒక్కొక్కరి గీత ఒక్కోలా లేచింది. అన్నానికి మాత్రం చాలామందిలో ఎక్కువే లేచింది. ముందుగా పీచు, మాంసకృత్తులు, కొవ్వు తింటే గీత లేవడం తగ్గింది. కానీ ఇన్సులిన్‌ను ఒళ్లు లెక్కచేయని స్థితికి చేరినవాళ్లలో ఆ ఉపాయం అంతగా పారలేదు. పనసపొట్టు కూర, చేపల పులుసులో ముక్కలు ముందు తిని అన్నం తర్వాత పెట్టుకోమని చెప్పే డాక్టరుకు, అది ఆ రోగికి పనిచేసిందో లేదో మర్నాడే గీతలో తెలిసిపోతుంది.

చోడి (రాగి) అంబలి విషయంలో సెన్సరు మరీ పనికొస్తుంది. షుగరు వచ్చిందనగానే అన్నం మానేసి అంబలి తాగమనే సలహా ఊరంతా ఇస్తుంది. చిరుధాన్యాల మేలు కట్టుకథ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో వచ్చిన విశ్లేషణ, చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ ఇండెక్స్ 52.7 అని, తిన్న తర్వాతి షుగరును అవి సుమారు 15 శాతం తగ్గిస్తాయని చెప్పింది. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి శ్రీచైతన్య, వేగవతి లాంటి చోడి రకాలు వచ్చాయి. ఇది ఈ నేల పంటే. ఐతే గింజ రూపం ముఖ్యం. మెత్తగా విసిరిన పిండిని నీళ్లలో బాగా ఉడికిస్తే పిండిపదార్థం తొందరగా అరుగుతుంది, గీత తొందరగానే లేస్తుంది. అంబలి పల్చగా ఒక గ్లాసు తాగినవారికీ, చిక్కగా రెండు చెంబులు తాగినవారికీ తేడా ఎంతో కాగితం మీద వాదించుకునే బదులు రెండు రోజులు కొలిచి చూడొచ్చు. చల్లారిన అన్నం సంగతీ అంతే. 2015లో ఇండోనేషియా పరిశోధకులు ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి వేడిచేసిన అన్నం షుగరును తక్కువగా పెంచుతుందని 15 మంది మీద చూపారు. ఉత్తరాంధ్ర చద్దన్నం మీద, తరవాణి మీద ఇలాంటి కొలతలు చేయాలనిపిస్తుంది.

ఇవన్నీ మేలుచేస్తాయా, లేక చూసి బెంగపడటమేనా అన్నది న్యాయమైన ప్రశ్న. 2021లో వచ్చిన ‘మొబైల్’ అనే అధ్యయనంలో, రోజుకు ఒకటి రెండుసార్లు నిదాన ఇన్సులిన్ వేసుకునే 175 మంది టైప్–2 రోగులను చూశారు. ఎనిమిది నెలలకు సెన్సరు వాడినవాళ్ల షుగరు రోజులో 59 శాతం సమయం హద్దుల్లో ఉంది, వేలికి గుచ్చి చూసుకున్నవాళ్లలో 43 శాతం. చిన్నపిల్లల్లో వచ్చే టైప్–1లో లాభం ఇంకా స్పష్టం. షుగరు పడిపోతుంటే అర్ధరాత్రి మోగే అలారం తల్లిదండ్రుల నిద్ర నిలబెడుతుంది. కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడిగో, కిడ్నీ జబ్బు ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ నమ్మకం తక్కువని, అది పొసగని చోట సెన్సరు వాడవచ్చని 2022 మార్గదర్శకాల్లో రాసింది. షుగరు మందులేవీ లేని ఆరోగ్యవంతులు సరదాకు పెట్టుకుని, గీత కాస్త లేచిన ప్రతిసారీ కంగారుపడటం మాత్రం డబ్బు దండగ.

సెన్సరు కూడా తప్పు చెబుతుంది, అదెప్పుడో తెలిసి ఉండాలి. కణాల మధ్య ద్రవం రక్తం వెనకాల నడుస్తుంది కనుక అంకె అయిదు నుంచి పదిహేను నిమిషాలు ఆలస్యం. చెమట పట్టి, వణుకు వస్తుంటే సెన్సరు 90 అన్నా నమ్మకుండా వేలికి గుచ్చి చూసుకోవాలి. సెన్సరున్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ద్రవం నలిగి, లేని షుగరు పతనాన్ని రాత్రంతా చూపిస్తుంది. విటమిన్ సి ఎక్కువ మోతాదు కొన్ని సెన్సర్లను పైకి నెడుతుంది. ఇక ఏజెన్సీ డాక్టర్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది హైడ్రాక్సీయూరియా. సికిల్ సెల్ రోగులకు ఇచ్చే ముఖ్యమైన మందు ఇదే, కొన్ని కంపెనీల సెన్సర్లలో షుగరును లేనంత ఎక్కువ చూపించేదీ ఇదే. హెచ్‌బీఏ1సీ పనికిరాని రోగికి సెన్సరు పెట్టి, ఆ తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికొస్తుంది. ఏ కంపెనీది వాడుతున్నారో, దాని కాగితంలో ఈ మందు పేరుందో లేదో చూడకుండా పెట్టకూడదు. గ్లూకోమీటరుకూ ఒక బలహీనత ఉంది. రక్తం బాగా తక్కువున్నవారిలో కొన్ని స్ట్రిప్పులు అసలుకంటే ఎక్కువ చూపిస్తాయి. తీరపు ఉక్కపోతలో బిళ్ల జిగురు ఊడిపోవడం ఇంకో బాధ. చేపలవేటకు పోయే మనిషికి పైన అదనపు ప్లాస్టరు వేయక తప్పదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ధర. రోగి తనే చూసుకునే సెన్సరు ఒక్కటి నాలుగైదు వేల రూపాయలు, పనిచేసేది రెండు వారాలు. ఏడాదికి 26 కావాలి, అంటే లక్ష దాటుతుంది. కూలి మీద బతికే ఇంట్లో ఈ మాటే ఎత్తలేం. కానీ టైప్–2 రోగికి ఏడాది పొడవునా అక్కర్లేదు. 14 రోజుల గీతే మూడు నెలల తీరును చాలావరకు చూపుతుందని నిపుణుల లెక్క. మందు మార్చినప్పుడు ఒకటి, ఏడాదిలో మళ్లీ ఒకటి పెట్టినా డాక్టరు చేతికి కావలసింది అందుతుంది. ప్రభుత్వం కొని ఇవ్వాల్సి వస్తే వరస కూడా స్పష్టంగానే ఉంది. ముందు డయాలసిస్ మీద ఉండి ఇన్సులిన్ వేసుకునేవారు, టైప్–1 పిల్లలు. తర్వాత కిడ్నీ జబ్బుతో మాత్రలు వాడే ముసలివాళ్లు, సికిల్ సెల్ జన్యువున్న షుగరు రోగులు. శ్రీకాకుళం రిమ్స్, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల, పలాస ఆసుపత్రి నుంచి ఈ పని మొదలుపెట్టవచ్చు. ఇప్పటికే డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వచ్చే రోగికి బిళ్ల పెట్టడానికి, తీయడానికి అదనపు ప్రయాణమే అవసరం లేదు.

అప్పటిదాకా సెన్సరు లేని రోగి అడగగలిగేది ఒకటుంది. వేలికి గుచ్చిన అంకెలూ హెచ్‌బీఏ1సీ పొంతన లేకుండా వస్తే, మందు మార్చేముందు హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చూడమనాలి. ఏజెన్సీవారైతే సికిల్ సెల్ పరీక్ష కూడా చేయమనాలి. ఫ్రక్టోసమీన్ అనే ఇంకో పరీక్ష ఎర్రకణాల మీద ఆధారపడదు కానీ, రక్తంలోని ప్రోటీన్లు మూత్రంలో పోయే కిడ్నీ రోగిలో అదీ నిలబడదు.

పరిశోధకులకు ఇక్కడ ఎదురుచూస్తున్న పని కూడా ఇదే. ఉద్దానంలో, మన్యంలో, మైదానంలో కొన్ని వందలమందికి 14 రోజులు సెన్సరు పెట్టి, అదే సమయంలో హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ రకం, ఇనుము, కిడ్నీ పనితీరు కొలిస్తే, సెన్సరు చెప్పే సగటుకూ ల్యాబు చెప్పే సగటుకూ ఎవరిలో ఎంత ఎడముందో లెక్క తేలుతుంది. అమెరికా, యూరప్ రోగుల మీద కట్టిన పట్టికలు ఈ ఊళ్లకు సరిపోతాయా లేదా అన్నదీ అందులోనే తేలుతుంది. ఆ లెక్క చేతికొస్తే, ఎన్నడూ సెన్సరు కొనలేని రోగి కాగితం మీద 6.4 కనిపించినప్పుడు దాన్ని నమ్మాలో, అనుమానించాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు చెప్పగలుగుతారు.